అమ్మేది మేలురకం, తినేది తాలు

ఎనుమాముల,
ఆదివారం.

రఘునాథపల్లిలో ఉన్న మా అన్నకు చెల్లె సరోజ దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, పిల్లలు ఎలా ఉన్నారు? వదినెకు అన్నం సయిస్తున్నదా? కామెర్లు తగ్గినా లివర్‌లో వైరస్ ఇంకా ఉందని దవాఖానలో చెప్పారు కదా, మందులు మానకుండా చూడు. ఫోన్లో నేను మాట మొదలుపెట్టగానే "సిగ్నల్ లేదు చెల్లె" అంటున్నావు గనక ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కట్ చేయడం కుదరదు.

మిర్చి గోదాములో సూపర్‌వైజర్ పనికి వచ్చి మూడు నెలలు దాటింది. ఎండకు తోడు మిర్చి ఘాటు. పొద్దున గేటు దగ్గర మొదలైన తుమ్ములు సాయంత్రం గది దాకా వస్తాయి. తిండికి ఫికర్ లేదు, నా గురించి రంది పెట్టుకోకు. సెలవు రోజే కష్టం. గదిలో వాదించడానికి మనిషి లేడు. ఇంటి ఓనరమ్మ ఏమన్నా "నిజమేనమ్మా" అంటుంది. అలాంటి మనిషితో ఎన్ని రోజులని మాట్లాడతాం?

ఇక అసలు సంగతి. ఇక్కడ కాయలు ఏరే ఆడవాళ్లు తెల్లబడి బూజు పట్టి అమ్మకానికి పనికిరాని తాలు కాయలను ఇంటికి తీసుకుపోయి కారం పట్టిస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. అన్నాల వేళ అందరినీ కూర్చోబెట్టి, మా మహిళా సంఘం మీటింగులో డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. కొన్ని బూజులు విషం కక్కుతాయి. అది ఎండబెట్టినా, దంచినా, పోపు పెట్టినా పూర్తిగా పోదు. లివర్‌లోకి చేరాక కణంలోని డీఎన్‌ఏకు అతుక్కుని దాన్ని పాడుచేస్తుంది. కణం పాపం రిపేరు చేసుకుంటుంది. కానీ రోజూ అదే పెడితే ఎన్నని చేస్తుంది? చేయలేని చోట తప్పు అట్లాగే మిగిలిపోయి, ఏళ్ల తర్వాత క్యాన్సర్ కావచ్చు.

అందరికన్నా పెద్దది మల్లమ్మ, అయినా సూపర్‌వైజర్నని నన్ను అక్కా అంటుంది. ఆమె తాపీగా అంది: "కండ్లకు సుత ఆనని బూజుకు గింత తెలివుందా అక్కా? అయితే దాన్ని కౌన్సిలర్‌గ నిలబెడదాం పా."

"నవ్వకు మల్లమ్మా! మా అన్న పంపిన కారం తిని చూడండి. సొంత చేను, ఇంటి కారం, కల్తీ లేదు" అని డబ్బా తెరిచాను. తెరవడమేమిటి, రెండు నెలలుగా వీళ్లలో ఆరిళ్లకు పంచుతూనే ఉన్నాను. మల్లమ్మ చిటికెడు తీసి అరచేతిలో నలిపి వాసన చూసింది.

"అక్కా, గిది తాలు."

"ఎర్రగా ఉంది కదా!"

"నూనె వట్టిచ్చిన్రు. నాలుగు మంచి కాయలు మీదికెల్లి ఏసిన్రు. ముప్పై ఏండ్లాయె ఏరవట్టి, నాకు జెప్తవా? ప్రేమతోని ఇచ్చేటోల్లను ఏమంటమని గిన్ని దినాలు ఊకున్న. జర వాసన సూడు."

చూశాను. తడిసిన గోనెసంచి వాసన! ఇన్నాళ్లూ తుమ్ములతో ముక్కు పనిచేయక తెలియలేదు. ఆ సాయంత్రం ఆరిళ్లకూ తిరిగి, పంచిన కారం వాపసు అడిగాను. మల్లమ్మ గుమ్మంలో నిలబడి, "రెండు నెలల సంది మా డీఎన్‌ఏను మంచిగనే కరాబు జేసినవ్ అక్కా, ఇగ లోపటికి రా, చాయ్ తాగు" అంది. తలదించుకుని తాగాను.

నా పరువు పోతే పోయింది. ఇది తెలిసి ఫోన్ చేస్తే పోయినసారి నువ్వు ఏమన్నావు? "తాతల కాలం సంది తింటున్నం, ఎవడు సచ్చిండు?" తాతలంతా పోయారు కదన్నా! దేనితో పోయారో అడిగినవాడు లేడు. కడుపులో గడ్డ అన్నారు, ఊరుకున్నాం. "మంచిది మనమే తింటే అమ్మేదేంది?" అని కూడా అన్నావు. మేలురకం పండించిన ఇల్లే తాలు తినాలని ఏ చట్టంలో ఉంది? తాలని పక్కకు నెట్టే వ్యాపారిని బజార్లో నిలబడి తిడతావే, అదే తాలును వదినె కంచంలో వేసేటప్పుడు ఆ నోరు ఏమవుతుంది? లివర్‌లో వైరస్ ఉన్న మనిషికి ఈ విషం తోడైతే ముప్పు ఎన్నో రెట్లని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నాకు భయంగా ఉందన్నా. నేను అరిచేది అందుకే.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. అందుకే నిన్ను అడగలేదు. పొద్దున నువ్వు చేనుకు పోయాక వదినెకు ఫోన్ చేశాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది: "ఇగ నేను సుత ఎర్రది తినొచ్చా సరోజా?" పెళ్లయిన ఇన్నేళ్లలో మన చేను మేలురకం మిర్చి ఆమె రుచి చూడలేదట. వింటున్నావా?

ఇప్పుడు తాలు కారం కుండ గుంతలో ఉంది. నువ్వు మార్కెట్ యార్డులో అమ్మడానికి కుట్టి పెట్టిన బస్తా ఒకటి విప్పి ఉంది. ఏది విప్పాలో కూడా నేనే చెప్పాను. వదినెను ఏమీ అనకు. తిట్లన్నీ నాకు దాచిపెట్టు, నాకిక్కడ కాలక్షేపం లేదు.

దేవుడి దీవెనలు నాకు అక్కర్లేదు, నువ్వు "సల్లగుండు" అంటే చాలు. చిన్నమ్మకు, బాపు దోస్తులకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

ఈ ఉత్తరం అందిన పూట కూడా వదినె ఎర్రకారంతోనే అన్నం కలుపుతుంది. ముద్ద ఆమెనే ముందు తిననియ్యి.

నీతో కొట్లాడకుండా ఉండలేని
నీ చెల్లె,
సరోజ