పసుపు లైటు చూసి ఆగిపోకండి

అత్తయ్యా,

కారు తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాను. స్టీరింగ్ ముందు ఆ పసుపు లైటు ఇంకా వెలుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి ఆస్పత్రి ప్రయాణం మానుకోకండి.

నిన్న మా మెకానిక్ షెడ్డులో, లీకు ఎక్కడుందో తెలియడానికి పెట్రోలు ట్యాంకులోకి పొగ పంపించి చూశాను. మూత దగ్గర సన్నగా బయటికొచ్చింది. మూతలో రబ్బరు చిట్లింది, అంతే. కొత్త మూత వేశాను. పెట్రోలు వాసన వస్తోందని మీరంటే మీ అబ్బాయి, భ్రమ అని కొట్టిపారేశారు. మీ ముక్కే నిజం చెప్పింది.

కారు అప్పుడప్పుడూ ట్యాంకు దారులన్నీ తానే మూసుకుని, లోపలి ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసుకుంటుంది. నిలవకపోతే ఆ లైటు వెలిగిస్తుంది. కొన్నాళ్లు తిరిగాక మళ్లీ చూసుకుని, అంతా బాగుంటే తానే ఆర్పేస్తుంది.

బంకులో పంపు దానంతటదే ఆగాక "ఇంకొంచెం పొయ్యి బాబూ" అనకండి. ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే పోతే అది పాడవుతుంది. ఈ మాట నేను చెబితే మీ చెవికెక్కదు.

మీ కోడలు

ఆస్పత్రిలో మామయ్య కంటికట్టు విప్పేటప్పుడు ఎదురుగా నిలబడండి. ముందు మీ మొహమే చూడాలట. మీకు చెప్పొద్దన్నారు.