పదమూడో ఓవరు

బళ్ళారి,
ఏప్రిల్ 16, మంగళవారం.
పొద్దుటి నుంచీ వడగాలి. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కడిగాను. కరెంటు లేదు.

చిరంజీవి తమ్ముడు చక్రధర్‌కు అన్న గురునాథ్ దీవించి రాయడం ఏమంటే, ఇక్కడ అమ్మ, మీ వదిన, నేను బాగున్నాము. అక్కడ నీ భుజానికి నొప్పి తగ్గి, మరదలు రోహిణి, పాప కులాసాగా ఉంటే మాకు అంతే చాలు.

నువ్వు హుబ్బళ్ళికి వైద్యానికి పోయి నెలయింది. రోజూ ఫోను చేస్తావు. నేను "ఆ, సరే" అని ఫోను అమ్మ చేతికి ఇస్తాను. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు కనుకనే ఈసారి కాగితం మీద అడిగావు. కాగితం మీదే చెబుతున్నాను.

అమ్మ మోకాలు గురించి అడిగావు. మెట్లు ఎక్కవద్దంటే వినదు, అప్పడాలు ఎండబెట్టాలని రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది. నీ బూట్లు మీ వదిన ఎండలో పెట్టి, లోపల కాగితాలు కుక్కి మంచం కింద ఉంచింది. కొట్టు మామూలే. బోర్లు ఎండిపోతున్నాయి కనుక పైపులు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఈ రోజు సెలవు.

ఇక నీ అసలు ప్రశ్న. "కంటోన్మెంట్ మైదానంలో బెంచీ మీద నా గురించి ఏమనుకుంటున్నారు? వచ్చే సీజను ఆడనా, మాననా? ఉన్నదున్నట్టు రాయి" అన్నావు. ఉన్నదున్నట్టు రాయడం నా పని అని అందరూ నమ్ముతారు. ఇరవై రెండేళ్ళుగా క్లబ్బు స్కోరు పుస్తకం నా చేతిలోనే ఉంది.

మొన్న ఆదివారం మనవాళ్ళకూ ఫ్యాక్టరీ జట్టుకూ మ్యాచ్ జరిగింది. ఆట చప్పగా ఉంది. బెంచీ మీద పక్కీరప్ప టైలరు, సిరుగుప్ప వరిపొలాల గోపీకృష్ణ గారు, నేను ఉన్నాము. పక్కీరప్ప మొదలుపెట్టాడు.

"ఏందప్పా గురునాథా, నీ తమ్ముడు ఇంగా బాల్ ఎత్తుతాడంటావా? పోయిన నెల ఆయప్ప యేసిన ఓవర్ సూస్తే మా అవ్వ గూడా కట్టె పక్కన పెట్టి సిక్స్ కొడ్తుండె."

"అలా అనకండి" అన్నారు గోపీకృష్ణ గారు. "నూట ఎనభై వికెట్లు ఊరికే వస్తాయాండీ? ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాక భుజం మాట వినొద్దూ?"

"నూట ఎనభై నిన్నటి మాట సామీ. మూడు మ్యాచులకు ఒక్క వికెట్టు, అదీ క్యాచ్ పట్టినోని పుణ్యం. మర్యాదగా ఇప్పుడే ఆట మానాల, బిట్టుబిడాలి. లేదంటే మనమే ఒక పొద్దు ఆయప్ప పేరు మరిచిపోయినోళ్ళ ఆటలో వేస్తాం."

ఆ ఆట నీకు తెలిసిందే. ఆట మందగిస్తే ఒకరు పాత ఆటగాడి పేరు వేస్తారు. ఎవరికీ గుర్తు లేకపోతే వేసినవాడు గెలిచినట్టు, మిగతావాళ్ళు మిర్చీ బజ్జీలు, బొరుగుల ఒగ్గరాణి తెప్పించాలి. అనుమానం వస్తే నా పుస్తకమే తీర్పు. ఆ రోజు ఒక్క మ్యాచ్ ఆడి పెండ్లికి పోయి మళ్ళీ రాని రుద్రేశ్ పేరు వచ్చింది. కళ్ళద్దాలు దారంతో కట్టుకుని, బంతి బదులు కాకిని పట్టుకోబోయిన వికెట్ కీపరు వచ్చాడు. చాలా నవ్వుకున్నాము.

తరువాత పక్కీరప్ప అన్నాడు: "చక్రి ఎంత చెడగొట్టుకున్నా మారెన్న దగ్గరికి రాలేడు లేప్పా. ఒకే ఓవర్లో ఇరవై ఆరు! ఏ రాజు దానమిస్తాడు అట్ల?"

వెనక నుంచి నవ్వు వినిపించింది. చేతిలో మిర్చీ పొట్లంతో మారెన్న నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు మన క్లబ్బు బౌలరు, ఇప్పుడు ఫ్యాక్టరీ జట్టును తెచ్చిన బస్సుకు డ్రైవరు. నువ్వు రోజూ తోరణగల్లు ఫ్యాక్టరీకి ఎక్కే బస్సు కూడా అదే కదా. నీ భుజం నొప్పి మొదలైనప్పటి నుంచి ముందు సీటు నీకని ఆపుతున్నాడని నువ్వే చెప్పావు.

పక్కీరప్ప నాలుక కరుచుకున్నాడు. "తప్పుగా అనుకోకప్పా" అన్నాడు.

"ఏం తప్పు అన్నా? ఇచ్చినోణ్ణి ఇచ్చినాడంటారు" అని మారెన్న నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు. "గురునాథన్నా, ఆ బుక్కు ఇంగా ఉండాదా? ఒక్కసారి సూస్తా."

మన క్లబ్బులో బౌలరు స్కోరు పుస్తకం చూడకూడదు, చూస్తే చేయి పోతుందని ఒక పట్టింపు ఉంది కదా. అతను ఆడినన్నాళ్ళూ చూడలేదు. నువ్వూ చూడలేదు. "ఇంగ నాకు చేయి పోతే స్టీరింగు తిప్పేకి కష్టం గానీ, బాలుకేం కష్టం లే" అని నవ్వాడు. పాత పుస్తకాలు నా సంచిలోనే ఉంటాయి, లేవని చెప్పలేకపోయాను. ఆ మ్యాచ్ ఉన్న 2008 పుస్తకం తీసి ఇచ్చాను.

అతను గళ్ళ మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"నాలుగు ఓవర్లుండాయి" అన్నాడు. "మూడే యేసినట్ల గ్యాపకమన్నా నాకు. మూడు యేసి, కాలు పట్టేస్తే బయట చింతచెట్టు కింద కూసున్నట్ల. మా యమ్మకు గూడా అట్లే చెప్పినా. అందరూ ఇరవై ఆరు అంటాంటే, ఏమో, సిగ్గుకు నేనే మర్సిపోయినా అనుకుంటి. బుక్కు అబద్ధం చెప్పదు గదా."

పుస్తకం మూసి, దుమ్ము తుడిచి, రెండు చేతులతో నాకిచ్చాడు. నేను తీసుకున్నాను. సంచిలో పెట్టుకున్నాను.

చక్రీ, అతనికి సరిగానే జ్ఞాపకం ఉంది.

2008లో ఆ మ్యాచ్ రోజు మైదానం మీద సుడిగాలి లేచింది. బెంచీ ఖాళీ అయింది. నేను చొక్కా అంచు ముఖానికి అడ్డం పెట్టుకుని రాస్తున్నాను. మారెన్న ఒకే వైపు నుంచి మూడు ఓవర్లు వేశాడు. పదమూడో ఓవరు అదే వైపు నుంచి నువ్వు వేశావు. ఇద్దరిదీ ఎడమ చేయి, ఒకే ఎత్తు, ఒకే రకం టోపీ. నేను మారెన్న వరసలోనే రాసుకుంటూ పోయాను. నువ్వు మళ్ళీ వచ్చి పదిహేనో ఓవరు వేసేటప్పటికి గాలి తగ్గింది. అప్పుడు నీ ముఖం కనిపించింది, చింతచెట్టు కింద ఎప్పుడో పోయి కూర్చున్న మారెన్నా కనిపించాడు. తప్పు అప్పుడే తెలిసింది. అంతవరకు అది తప్పే. ఒక గీత కొట్టి దిద్దితే సరిపోయేది.

జోను జట్టుకు ఎడమచేతి బౌలరు ఒక్కడే కావాలని, ఎంపిక చేసే పెద్దాయన టీ వేళకు వచ్చాడు. పుస్తకం అడిగాడు. మారెన్న మూడు ఓవర్లలో ఇచ్చినవి పదకొండు పరుగులు, పుస్తకంలో నాలుగు ఓవర్లకు ముప్పై ఏడు. నువ్వు ఇచ్చినవి నలభై నాలుగు, పుస్తకంలో పద్దెనిమిది. ఆయన ఆ అంకెలు ఒక చీటీ మీద ఎక్కించుకున్నాడు. కలం నా చేతిలోనే ఉంది. "సార్, ఒక్క నిమిషం" అంటే చాలు. నాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఏడో తరగతితో చదువు మానిన నాకు కొట్టు తప్ప దారి లేదు, నీకైనా ఒక దారి దొరకాలని అనుకున్నాను. అనుకున్నాను అని ఇప్పుడు రాయడం తేలిక. ఆ నిమిషంలో నేను ఏమీ అనుకోలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను, అంతే.

నీకు జోను జట్టు, దానివల్ల ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చాయి. మారెన్న ఆ సంవత్సరమే ఆట మానేశాడు. తరువాత బెంచీ మీద ఎవరో పాత పుస్తకం తిరగేసి "ఇరవై ఆరు" అని చదివారు. అప్పటి నుంచి అతను మా నవ్వులాట అయ్యాడు.

నా దినచర్య పుస్తకంలో ఆ రోజు కింద ఇలా ఉంది: "దుమ్ముగాలి. పశువులకు నీళ్ళు పెట్టాను. పదమూడో ఓవరు తమ్ముడిది. దిద్దలేదు." ఆ పుస్తకం ఎవరూ చదవరు.

ఇంకొక మాట. బెంచీ మీద మారెన్న పేరు వచ్చినప్పుడల్లా నువ్వు వంగి బూటు తాడు కట్టుకుంటావు. ఇరవై ఆరు పరుగులు ఇచ్చిన ఓవరును బౌలరు మరిచిపోడు. నీకు తెలుసునా అని నేను పదహారేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. నువ్వూ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. తెలిసినా, నిన్ను ఆ చోట నిలబెట్టింది నేనే. కలం పట్టుకున్నవాడిదే తప్పు.

ఆడాలా మానాలా అని నేను చెప్పలేను తమ్ముడూ. నీ భుజం ఏం చెబితే అది చేయి. నేను చేయబోయేది మాత్రం చెబుతున్నాను. ఈ సాయంత్రం షిఫ్టు బస్సు మన వీధి మొగలో ఆగినప్పుడు స్కోరు పుస్తకం, నా దినచర్య రెండూ పట్టుకుపోయి మారెన్నకు చూపిస్తాను. అతను ఒప్పుకుంటే ఆదివారం బెంచీ మీద అందరి ముందు గీత కొట్టి దిద్దుతాను. పక్కీరప్ప నోరు నీకు తెలుసు, ఆ నవ్వు కొన్నాళ్ళు నీ మీదికి మళ్ళుతుంది. నువ్వు తిరిగి వచ్చాక ఎక్కవలసింది కూడా ఆ బస్సే. నీ జవాబు వచ్చేదాకా ఆగమని మీ వదిన అంటుంది. ఆగితే మళ్ళీ ఆగిపోతాను. అందుకే నీకు రాసి, ఆ తరువాత పోతున్నాను. కోపం వస్తే రా, ఎదురుగా తిట్టు. ఫోనులో తిట్టవద్దు, "ఆ, సరే" అంటాను.

అమ్మకు ఇంకా చెప్పలేదు. రోహిణికి చెప్పడం నీ ఇష్టం.

ఇట్లు,
నీ మేలు కోరి నీకు మేలు చేయలేకపోయిన అన్న,
గురునాథ్

మరిచాను. నాలుగు గంటలకు కరెంటు వచ్చింది. మోటారు వేసి వచ్చాను. ట్యాంకు నిండడానికి అరగంట పడుతుంది, నిండగానే ఆపి, పైన మూత పెట్టి, ఆ తరువాత ఈ కవరు అంటించి

బస్సు హారను వినిపించింది. పుస్తకాలు తీసుకుని పోతున్నాను. మోటారు