పదం అందించకుండా కూర్చున్నాను

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన మనవరాలు చిన్ని రెండో తరగతికి వచ్చినా, చదువుతూ ఒక పదం దగ్గర ఆగితే నా మొహమే చూసేది. నేను చెప్పేసేదాన్ని. "నువ్వు కాసేపు నోరు మూసుకోవే, దాని నోరు అదే తెరుచుకుంటుంది" అని, బళ్ళో అంతమందికి చదువు నేర్పిన నువ్వు ఎన్నిసార్లు తిట్టావో!

నెల రోజులుగా సాయంత్రం అరగంట దాని పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటున్నాను. పదం అందించడం లేదు. మొదట్లో ఏడ్చింది, పుస్తకం విసిరింది కూడా.

ఇవాళ, మొన్న బీసెంట్ రోడ్డులో కొన్న కథల పుస్తకం తీసుకుంది. పెదవులైనా కదపకుండా చదువుతూ, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. గదిలో ఎవరూ ఏమీ అనలేదక్కా! ఆ నవ్వు అచ్చు అక్షరాల్లోంచే వచ్చిందని తెలిసి చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను.

"ఏముందే అందులో?" అన్నాను.

"నువ్వే చదువుకో, అమ్మమ్మా," అంది తలెత్తకుండానే.