బోర్లా పెట్టె మీద ఆరొందల మాటలు

సోమవారం, 3. ఉదయం

ఉద్యోగం వచ్చినట్టే! వచ్చినట్టే అంటే రాలేదని అర్థం. తెలుసు. ఈ ఒక్క పూట ఆనందపడనిస్తే ఎవరి సొమ్మూ పోదు.

వెబ్ పత్రిక ఎడిటర్ మేడం ఫోన్ చేశారు. ఇదివరకు నేను పంపిన రెండు వ్యాసాల్నీ ఆవిడ ఎంత కోశారంటే, పట్టుకోడానికి అంచు కూడా మిగల్లేదు. అందుకే ఆవిడకి నేను పెట్టుకున్న పేరు కత్తెర. ఇప్పుడు కత్తెర మేడం ఇచ్చిన పని ఇదీ: మేం చిన్నప్పుడు ఆడిన తరం వీడియో గేమ్ పెట్టెల మీద ఒక వెనుచూపు వ్యాసం. ఆరొందల మాటలు. గడువు వచ్చే సోమవారం. నచ్చితే వారం వారం కాలమ్, జీతం, నాకంటూ ఒక బల్ల. నచ్చకపోతే నేనూ, నా కళ్లజోళ్ల షాపూ, "ఈ అద్దంతో బాగుందాండీ, ఆ అద్దంతో బాగుందాండీ" అని పొద్దస్తమానం అడగడమూ.

షరతులు రెండు పెట్టారు. "ఆ రోజులే వేరు అంటూ కళ్లు తుడుచుకున్నారో, ఫైలు మూసేస్తాను. తప్పు సమాచారం ఒక్కటి దొరికినా మూసేస్తాను."

నాకు ఇంకా జ్ఞానదంతమే రాలేదు, అప్పుడే జ్ఞాపకాలు రాయమంటున్నారు. అయినా సరే.

తీర్మానం:
– షాపు నుంచి రాగానే గంటసేపు రాత.
– ఆట పరిశోధన కోసం మాత్రమే. అరగంట. అలారం పెట్టుకుని.
– "ఆ రోజుల్లో" అన్న మాట రాయను, అనను, తలవను.

నా పాత తీర్మానాల గతి ఇక్కడ ఎత్తనక్కర్లేదు. గిటారు మీద అమ్మ తడి తువ్వాళ్లు ఆరేస్తోందన్నది వేరే సంగతి.

సాయంత్రం

పెట్టె బీరువా మీద దొరికింది. బూడిద రంగు, బూడిద లేకుండా తుడిచినా అదే రంగు. కంట్రోలర్లు రెండు, డిస్కుల సంచి ఒకటి. అంతా క్షేమం.

మొదటి గండం: కొత్త టీవీకి ఎరుపు, పసుపు, తెలుపు వైర్లు గుచ్చే చిల్లులే లేవు. పాత డబ్బా టీవీ ముందు గదిలో ఉంది, కానీ అది టీవీ అన్న సంగతి మా ఇంట్లో అందరూ మర్చిపోయారు. దాని మీద దుప్పటి కప్పి, అమ్మ కుట్టిన స్కూలు యూనిఫారాలు ఇస్త్రీ చేసి పేరుస్తుంది. అడిగితే, ఇది నా బట్టల బల్ల, ఇవ్వనంటే ఇవ్వనంది. చాలాసేపు సంప్రదింపులు జరిగాయి. ఒప్పందం ఏమిటంటే: టీవీ కదలదు, బట్టలు కదలవు. నేను దుప్పటి ముందు అంచు ఎత్తి పిన్నీసు పెట్టుకుని, నేలమీద కూర్చుని చూసుకోవాలి.

గొప్ప పరిశోధకులు ఇంతకన్నా కష్టాలు పడ్డారు.

మంగళవారం, 4

పనిచేసింది! ఇన్నేళ్ల తర్వాత!

మర్చిపోకుండా పద్ధతి రాసుకుంటున్నాను, వ్యాసానికి పనికొస్తుంది. మూత తీయాలి. డిస్కుని నడిమి మేకుకి టక్కుమని బిగించాలి. మూత వేయాలి. స్విచ్ నొక్కాలి. ఆ వెంటనే పెట్టె మొత్తాన్ని రెండు చేతులతో బోర్లా తిప్పి, మూత కిందకీ అడుగు పైకీ ఉండేలా పెట్టాలి. స్విచ్ మూత వైపే ఉంటుంది కాబట్టి ముందు నొక్కి తర్వాత తిప్పడమే ఇందులో నేర్పు. నాకు ఆరేళ్లప్పుడు అన్నయ్య నేర్పిన విద్య. చేతులు మర్చిపోలేదు.

దీపం పట్టుకుని గుహల్లో తిరిగే పిల్ల ఆట పెట్టాను. అలారం మోగింది. మరో పది నిమిషాలు అన్నాను. మళ్లీ మోగింది. ఫోను దిండు కింద పెట్టాను.

రాసినది: శీర్షిక. "వెనుచూపు". బాగానే ఉంది కదా?

బుధవారం, 5

ఆట పూర్తిచేయకుండా దాని గురించి రాయడం అన్యాయం. పాఠకులకి ద్రోహం. అందుకని అరగంట నిబంధనని న్యాయం కోసం సడలించాను.

రాసినది మూడు వాక్యాలు. ఒక గుహ నుంచి ఇంకో గుహకి వెళ్లేటప్పుడు తెర నల్లబడి, పెట్టె లోపల గరగరమని ఏదో తవ్వుకుంటుంది. ఆ వ్యవధిలో ఒక తల దువ్వడం, జడ వేయడం, ఆ జడ వంకరగా ఉందని పేచీ పెట్టడం కూడా అయిపోయేవి. నాలుగో వాక్యం "ఆ రోజుల్లో" అని మొదలైంది. కొట్టేశాను. కొట్టేసినందుకు నన్ను నేను మెచ్చుకుని, బహుమతిగా ఇంకో గుహ ఆడాను.

షాపులో మాత్రం పరువు పోయింది. ఒక పెద్దాయన విరిగిన ఫ్రేము తెచ్చి, ఇప్పటి సరుకంతా ఉత్త డొల్ల, మా కాలంలో ఫ్రేము మీద ఏనుగు కూర్చున్నా విరిగేది కాదన్నాడు. అవునండీ, ఆ రోజుల్లో వస్తువులే వేరండీ, మా గేమ్ పెట్టె చూడండి అంటూ నేను ఎత్తుకున్నాను. ఆయన పక్కన నేనే పెద్దదానిలా ఉన్నాను. చివరికి ఆయనే "వస్తానమ్మా, పనుంది" అని తప్పించుకుని పోయాడు. ఓనరు గారు అద్దం తుడుస్తూ నన్ను చూసిన చూపుకి ఏ నంబరూ సరిపోదు.

అన్న మాట లెక్కలోకి రాదు. రాసిందే లెక్క.

గురువారం, 6

అమ్మ మిషన్ ఆపి వచ్చి వెనకాల నిలబడింది. నిలబడితే ఫర్వాలేదు, మాట్లాడింది. ఆ పిల్ల ఒక్కతే గుహల్లో ఎందుకు తిరుగుతోంది? ఇంట్లో పెద్దవాళ్లు లేరా? ఆ గబ్బిలాలకి ఈ పిల్లతో ఏం పని? దీపంలో నూనె అయిపోతుంటే ముందే చూసుకోవద్దా, ఎవరి పెంపకం?

నీ వల్లే ఏకాగ్రత పోతోందమ్మా అన్నాను. ఏకాగ్రత నీకు పుట్టినప్పుడే లేదు, ఇటివ్వు అంది.

మూడు గుహలు దాటింది. నాకు ఆరేళ్లు పట్టిన మూడో గుహ. సూదిలో దారం ఎక్కించే వేళ్లు, మరి. చిన్నప్పుడు "ఆపండర్రా ఆ దరిద్రం" అని అరిచిన నోరే, "ఉండవే, ఈ ఒక్క మెట్టూ ఎక్కనీ" అంటోంది. ఎనిమిది నిక్కర్లు జేబులు లేకుండా ఉండిపోయాయి.

రాసినది: సున్నా. కంట్రోలర్ అమ్మ చేతిలో ఉంటే నేను రాసుకోవచ్చుగా అంటారేమో. ఆవిడకి దారి ఎవరు చెప్తారు?

శుక్రవారం, 7

వచ్చేసింది! సగం వ్యాసం ఒక్క ఊపులో వచ్చేసింది! షాపులో బేరాల్లేని మధ్యాహ్నం, కౌంటర్ వెనకాల కూర్చుని రాశాను. ఈ భాగం కత్తెర మేడం ఫ్రేము కట్టించుకుంటారు. ఇక్కడ కూడా ఎక్కిస్తాను, చేతికి ఆనందం:

"ఆ తరం పెట్టెల్లో దీనికి మాత్రమే ఉన్న ప్రత్యేకత, బోర్లా ఉండి పనిచేయడం. వేడి ఎప్పుడూ పైకే పోతుంది. గాలి రంధ్రాలున్న అడుగు భాగాన్ని ఆకాశం వైపు ఉంచడంలో దాని రూపకర్తల ముందుచూపు కనబడుతుంది. స్విచ్ కిందకి పోయేలా చేసి, పసిపిల్లలు ఆట మధ్యలో ఆపేసే ప్రమాదాన్ని కూడా వారు నివారించారు."

ఇలా మూడొందల మాటలు. కన్నీటి చుక్క లేదు. శాస్త్రం, విశ్లేషణ, గాంభీర్యం. "వారు నివారించారు"! నేనేనా?

అన్నయ్యకి పంపించాను. ఆ పెట్టెకి అసలు హక్కుదారు వాడే, నన్ను ఆడనిచ్చిన దాత. చదివినట్టు రెండు గీతలు పడ్డాయి. జవాబు లేదు. ఈర్ష్య అయ్యుంటుంది.

శనివారం, 8

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

అన్నయ్య రెండు వీధుల అవతల వదినతో ఉంటాడు. బ్యాంకు కౌంటర్లో కూర్చుని రోజంతా నవ్వకుండా డబ్బు ఇచ్చే మనిషి. మధ్యాహ్నం వచ్చి, గుమ్మం పట్టుకుని, మాట్లాడలేక నవ్వాడు. నీళ్లు ఇచ్చాను. తాగుతూ నవ్వాడు, పొలమారింది.

"పిచ్చుకా," అన్నాడు చివరికి, "దాన్ని బోర్లా పెట్టరే."

"మరి మనం?"

"మనది పాడైంది."

తను తొమ్మిదో తరగతిలో ఉండగా దాన్ని స్నేహితుడి ఇంటికి తీసుకెళ్లబోతూ మెట్ల మీద జారవిడిచాడట. లోపల డిస్కుని చదివే కన్ను పక్కకి వాలిపోయింది. మామూలుగా పెడితే తెర నల్లగా ఉండేది, తిరగేస్తే ఆ కన్ను తన బరువుకి తానే సరైన చోటుకి వచ్చి చదివేది. ఇదే అసలు పద్ధతని నాకు చెప్పాడు.

ఎందుకు చెప్పావన్నాను.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే. పాడైందని తెలిస్తే నిమిషంలో అమ్మ దగ్గర ఉండేదానివి."

మిషన్ దగ్గర నుంచి అమ్మ తలెత్తకుండానే అంది: "నాకు ఆ రోజే తెలుసు. ధబ్ మని చప్పుడైతే వినబడదా?"

ఇప్పుడు అన్నయ్య మొహం చూడాలి.

మరి ఎందుకు తిట్టలేదని అడిగాం ఇద్దరం. బోర్లా పెట్టుకున్నాక మీరిద్దరూ కొట్టుకోకుండా కూర్చున్నారు, నడిచేదాన్ని ఎందుకు కదపడం అని ఊరుకున్నానంది.

అంటే ఈ ఇంట్లో, బహుశా ఈ లోకంలో, ఆ సంగతి తెలియనిది నేనొక్కదాన్నే. ఏడో తరగతిలో ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్లి, వాళ్ల పెట్టె వెల్లకిలా ఉంటే, "అంకుల్, ఇలా పెట్టకూడదండీ" అని వాళ్ల నాన్నగారి ముందు దాన్ని తిరగేసి వచ్చాను. ఆయన థాంక్స్ కూడా చెప్పారు. ఆ ఇంట్లో అది ఇంకా అలాగే ఉందేమో, దేవుడా.

వ్యాసంలో సగం పోయింది. ఆ సగమే రాసిన సగం.

నమ్మకం కుదరక పెట్టెని మూత పైకి పెట్టి చూశాను. తెర నలుపు. తిరగేశాను. గుహ. అన్నయ్య "చూశావా" అని పక్కన కూలబడ్డాడు. ఒక్క ఆట అన్నాడు. ఎడమకి పోవే అన్నాడు, కుడికి పోయి చచ్చాను, ఆరేళ్లప్పటి లాగే నెత్తి మీద మొట్టాడు. వదిన ఫోన్ చేసి, కూరగాయలకని బయల్దేరిన మనిషి ఇంకా తోటలోనే ఉన్నాడా అని అడిగింది. సాయంత్రం అయిపోయింది.

ఏం చేస్తాం, పరిశోధన.

ఆదివారం, 9

తలనొప్పి. నిజం తలనొప్పి కాదు, రాయాల్సి ఉన్నప్పుడు వచ్చేది.

టీవీ ముందు అమ్మా అన్నయ్యా. వదిన కూడా వచ్చింది, తిట్టడానికి. తిట్టి, ఏడో గుహ దగ్గర కూర్చుంది. నేను వంటింట్లో కూర్చుని రాయబోయాను. అక్కడికి వినబడుతున్నాయి గబ్బిలాలు. వెళ్లి "కాదు, తాడు పట్టుకోండి" అని చెప్పి వచ్చాను. ఇంకోసారి వెళ్లాను. మూడోసారి వెళ్లాక తిరిగి రాలేదు.

మొన్నటి తీర్మానం కాగితం చదువుకున్నాను. ఎవరో చాలా మంచి అమ్మాయి రాసినట్టుంది.

సోమవారం, 10. ఉదయం, షాపులో

రాశాను. ఇద్దరు కస్టమర్ల మధ్య, కౌంటర్ వెనకాల, ఫోన్లోనే. పరువు కోసం ఒక వాక్యం నిక్కచ్చిగా పెట్టాను: "ఈ పెట్టెని మూత పైకి ఉండేలా పెట్టాలి. పాడైపోయినవాటిని మాత్రం కొన్ని ఇళ్లలో బోర్లా పెట్టి నడిపించేవారు." ఆరొందల మాటలకి ఇంకా వంద తక్కువ. చచ్చినట్టు రెండు చోట్ల "ఆ రోజుల్లో" అని ఎత్తుకుని సాగదీశాను. మొత్తం తీర్మానంలో మిగిలిన ఒక్క ముక్కా అదే, అదీ పోయింది.

పంపేశాను. ఓనరు గారికి ఇవాళ చాలా వినయంగా గుడ్ మాణింగ్ చెప్పాను. జీవితాంతం చెప్పుకోవాల్సిన మనిషి.

మధ్యాహ్నం

కత్తెర మేడం మెసేజ్. ఉన్నదున్నట్టు:

"చదివాను. ఆ రోజుల్లో అని రెండుసార్లు ఉంది, కోసేశాను. అది సమస్య కాదు. ఘోరమైన తప్పు ఒకటి ఉంది. ఆ పెట్టెని మూత పైకి పెట్టాలని రాశారు. మా ఇంట్లో అది పదేళ్లు ఉంది. బోర్లానే పెట్టాలి. స్విచ్ నొక్కి తిప్పాలి. ఇంత ప్రాథమిక విషయం తెలియకుండా కాలమ్ ఎలా రాస్తారు?"

చదివాను. కళ్లజోడు మార్చి మళ్లీ చదివాను, షాపులో కళ్లజోళ్లకి కొదవా?

దారులు రెండు. అవునండీ, పొరపాటు, సరిదిద్దుతాను అంటే బల్లా కుర్చీ నావి. శుక్రవారం రాసిన మూడొందల మాటలు సిద్ధంగా ఉన్నాయి, ముందుచూపుతో సహా. ఆవిడ నిజంగానే ఫ్రేము కట్టించుకుంటారు. కాదండీ అంటే, కాబోయే బాస్‌తో మొదటి రోజే, మిమ్మల్ని ఇన్నేళ్లూ ఎవరో ఆడించారని చెప్పడం.

అవునండీ అని టైపు చేశాను. వేలు పంపించే బొమ్మ మీదే ఉంది. కానీ శనివారం నా మొహం నాకు గుర్తొచ్చింది. కాలమ్ అచ్చయ్యాక ఎవరో ఒకరు నవ్వుకుంటూ ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడితే?

చెరిపేసి ఇలా పంపాను: "మేడం, మీకు అన్నయ్య ఉన్నారా?"

ఈలోగా ఒకావిడకి రెండు ఫ్రేములు చూపించాను. ఏది బాగుందో నాకే తెలియలేదు.

జవాబు వచ్చింది: "అక్క ఉంది. ఎందుకు?"

సాయంత్రం

మొత్తం రాసి పంపాను. మెట్లు, ధబ్ మన్న చప్పుడు, వాలిపోయిన కన్ను, నువ్వుగింజ, స్నేహితురాలి నాన్నగారు, అన్నీ. లెక్కపెట్టలేదు కానీ ఆరొందలు దాటే ఉంటాయి. మాటలకి తడుముకోలేదు కూడా.

ఇప్పుడే మెసేజ్ వచ్చింది.

"మా అక్క ఫోన్ ఎత్తడం లేదు. మూడుసార్లు చేశాను. ఈలోగా మీరు నాకు పంపిన ఈ మెసేజ్‌నే వ్యాసంగా రాసి ఇవ్వండి. గురువారం. దీన్ని కోయను."

కాసేపు ఆగి ఇంకొకటి:

"కొద్దిగా కోస్తాను."

తీర్మానం, రేపు ఉదయం నుంచి, ఈసారి ఖాయంగా:
– షాపు నుంచి రాగానే గంటసేపు రాత.
– ఆట అరగంట. అమ్మ ఒప్పుకుంటే. కంట్రోలర్ ఆవిడ దగ్గరుంది, పదకొండో గుహలో ఉంది.
– పరిశోధన: అన్నయ్య చిన్నప్పుడు నాకు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా సరిచూడటం. ముందుగా, గబ్బిలం వస్తే కంట్రోలర్ వెంటనే అన్నయ్య చేతికి ఇచ్చేయాలన్న నియమం.