చెడ్డవాళ్లు లేని సీరియల్

ఫిబ్రవరి 8

పేపర్లో రివ్యూ వచ్చింది. మా శుక్రవారం సీరియల్లో చెడ్డవాళ్లే లేరట, ప్రతి తప్పు వెనకా ఒక గాయపడ్డ మనసుందట. రాసింది నేనే కాబట్టి సంతోషించాలి. చిరాకేసింది. ప్రతి వెధవకీ చివర్లో ఒక చచ్చిపోయిన తల్లిని తగిలిస్తాను. చూసేవాళ్లు ముక్కు చీదుకుంటూ క్షమించేస్తారు. ఇదీ నా విద్య.

ఫిబ్రవరి 10

సెట్లో లైటింగ్ అసిస్టెంట్ చిహో నిచ్చెన మీంచి పడింది. తుంటి ఎముక విరిగింది. రెండు రోజులుగా ఆ పిల్లకు నిద్ర లేదని యూనిట్లో అందరికీ తెలుసు. ఇంటికి పంపేద్దామని లైటింగ్ చీఫ్ అడిగితే, ఇంకొక్క సీనే కదా అని ఎక్కించాడు ప్రొడ్యూసర్ కురమోచి.

ఫిబ్రవరి 11

షూటింగ్ ఆగలేదు.

ఫిబ్రవరి 13

కురమోచి వచ్చాడు. గురువుగారూ, రేపు చిహో వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లాలి, క్షమాపణకి నాలుగు మాటలు రాసిపెట్టండి, మీ చేతిలో మహిమ ఉంది అన్నాడు. ఆయన ఫిర్యాదు చేయడానికి లేబర్ ఆఫీసుకు వెళ్తాడేమోనని వీడి భయం. వెళ్లకపోతే తప్పంతా చిహోదే అయి కూర్చుంటుంది, అజాగ్రత్తగా జారిపడిందని.

రాసిచ్చాను. మొదటి వాక్యం: ఆమె నిద్రపోలేదని తెలిసీ నేనే ఎక్కించాను. ఇది మరీ బరువుగా ఉందండీ అని దాన్ని కొట్టేశాడు. మిగతావి బాగున్నాయట. మిగతావన్నీ కన్నీళ్లే మరి!

ఫిబ్రవరి 14, సాయంత్రం

నన్నూ లాక్కెళ్లాడు. ఉరావా ఊళ్లో చిన్న లాండ్రీ షాపు, వెనకే ఇల్లు. తండ్రి మినెగిషి గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టారు. కురమోచి యోకన్ మిఠాయి పెట్టె ముందు పెట్టి, చాప మీద చేతులానించి వంగి, నా వాక్యాలు అప్పజెప్పాడు. గొంతు ఎక్కడ పూడుకుపోవాలో అక్కడే పూడుకుపోయింది. మా హీరోకి కూడా అంత బాగా రాదు.

అప్పుడు ఆ పెద్దాయన గబగబా వెనక్కి జరిగి, కురమోచి కంటే కిందికి వంగిపోయారు. అయ్యయ్యో, లేవండి బాబూ, మా పిల్ల వల్ల మీ అందరి పనికీ ఆటంకం కలిగింది, మీరే క్షమించాలి అంటారు! కూతురు ఆసుపత్రి మంచం మీద, ఈయన క్షమాపణలు. నేను నోరు విప్పాలి. విప్పలేదు. నా కార్డు ఇచ్చి, ఏదైనా ఉంటే ఫోన్ చేయండి అన్నాను. ఛీ, ఎంత గొప్ప సాయం.

తిరుగు రైల్లో కురమోచి కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు, అదీ దరిద్రం. కాసేపాగి, గురువుగారూ, చూశారా ఆ తండ్రిని, మన ఆఖరి ఎపిసోడ్‌కి అదే సీన్ అన్నాడు.

ఫిబ్రవరి 15

ససేమిరా రాయను.

ఫిబ్రవరి 22

రాశాను. సెట్‌ని ఫ్యాక్టరీ చేశాను, అంతే. వాడు కొట్టేసిన వాక్యాన్ని కూడా పెట్టాను, ఇంటికి వెళ్తూ యజమాని కారులో తనలో తాను అనుకునేటట్టు. కురమోచి ఈసారి కొట్టేయలేదు. సీరియల్లో అయితే బరువు బాగుంటుందట! సీన్ బాగా వచ్చింది. రోత పుట్టేది అందుకే.

మార్చి 3

చిహోను చూసొచ్చాను. ఇక నిచ్చెన ఎక్కే పని కుదరదన్నారట డాక్టర్లు. ఆ పిల్లకు మాత్రం తనతోపాటు పడి పగిలిన లైటు గురించే దిగులు. నాన్న మీ సీరియల్ ఒక్క వారం కూడా వదలడండీ అని నవ్వింది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 17, శుక్రవారం

ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. యజమాని వంగాడు, తండ్రి ఇంకా కిందికి వంగాడు, పియానో మోగింది. దేశమంతా ఏడుస్తోందని కురమోచి మెసేజ్ పెట్టాడు. టీవీ కట్టేశాను.

మార్చి 18, ఉదయం

మినెగిషి గారు ఫోన్ చేశారు. సీరియల్ బాగుందండీ అన్నారు. కానీ ఆ తండ్రిని చూస్తే ఒళ్లు మండిపోయిందట. నీకు బుద్ధుందా, నీ కూతుర్ని మంచాన పడేసినవాడికి ఎదురు దణ్ణం పెడతావా అని టీవీ మీద అరిచారట. పక్కింటివాళ్లు గోడ కొట్టారట.

ఫోన్లో షాపు షట్టర్ దించుతున్న చప్పుడు వినిపించింది.

లేబర్ ఆఫీసు శనివారం తెరుస్తారా అని అడిగారు.