ఊడదీసిన హారన్ వైరు

దసరా, రాత్రి

నా చదువు ఐదో తరగతి. పైగా ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే, తప్పులుంటే మన్నించాలి.

కారు పూజలో అత్తయ్యగారు స్టీరింగ్ మీద పసుపునీళ్ళు ఒలకబోశారు. హారన్ మోగడం మొదలై ఇక ఆగలేదు. మా ఆయన స్టీరింగ్‌ను పిడికిలితో గుద్దారు, బానెట్ ఎత్తి లోపల సుత్తితో బాదారు. వీధంతా మా వాకిట్లోకి వచ్చింది.

"ఏంటండీ ఈ గోల, చెవులు పోతున్నాయి" అన్నారు ఎదురింటి మాస్టారు.

నేను తల వంచుకునే వెళ్ళి హారన్ వైరు ఊడదీశాను. మోత ఆగింది.

"నీకంటే మీ ఆవిడే నయమయ్యా" అని మాస్టారు నవ్వారు.

అందరూ వెళ్ళాక ఆయన తలుపేశారు. "నలుగురిలో నా పరువు తీస్తావా?" అంటూ సుత్తి పిడితో నా కుడిచేతి మీద కొట్టారు. ఎన్నడూ లేనంత గట్టిగా అరిచాను. హారన్‌కి వచ్చిన వీధి నాకు రాలేదు.

బానెట్ ఇంకా తెరిచే ఉంది. వైరు ఎక్కడ తగిలించాలో నాకు తెలుసు. ఈసారి చెయ్యెత్తితే అరవను, కారు దగ్గరికి పరిగెడతాను.

ఈ కాగితం ఎవరికి దొరికినా, ఆయన కంట పడకముందే పొయ్యిలో వేసేయండి.