పోలీసు కారెక్కిన సంగతి

ఆర్మూరు, 12-3-64

తమ్ముడు భూమేశ్వర్‌కు దీవెనలు.

నన్ను పోలీసులు పట్టుకోలేదు. ఆ అంజన్న ఊళ్ళోకొచ్చి ఏం చాటాడో గానీ, అవ్వను ఏడుపు ఆపమను. మార్కెట్టుకు పోలీసుల కొత్త కారొకటి వచ్చింది. జనమంతా పసుపు కుప్పలు వదిలేసి దాని చుట్టూ మూగారు. బాల్కొండ దారిలో మన మేనత్త ఊరికి తోవ చూపమని ఇనస్పెక్టరు నన్ను ఎక్కించుకున్నాడు. అంతే! ఆ వేగానికి నేను "గీడ మలుపుండ్రి సారూ" అనేలోపే కోసెడు దూరం దాటిపోయాం. నా పంచె పసుపంతా సీటుకు అంటింది. తిరిగొచ్చాక నడిబజార్లో నా తువ్వాలతోనే సీటు తుడిపించారు. అది చూసి, "ఏం జేసినవ్ రాజన్నా, నీ కోసం గంత పెద్ద కారు పంపిండ్రు?" అని అందరూ ఒకటే అడగడం. కేసున్న మనిషి పసుపని కొనేవాళ్ళు మన కుప్పవైపే రావడం లేదు. నువ్వొచ్చి నాలుగు మాటలు చెబితే గానీ ఇది అమ్ముడుపోదు. వచ్చేటప్పుడు ఇంకో తువ్వాల తే.

బర్రె ఈనిందా? ఆడదూడా, మగదూడా? మీ వదినను ఫికరు పడొద్దను.

ఇక్కడి నుంచి ఇంట్లో పైకి చదవకు. తోవ తప్పింది కారు వేగానికి కాదు. భయానికి నేను కళ్ళు తెరిస్తే గదా!

మీ అన్న,
రాజన్న